పొదుపంతా మన చేతుల్లోంచేనా?

"మేమిద్దరం అయిదు రోజులు తిరిగొచ్చాం, ఎంతయిందో చెప్పుకోండి చూద్దాం" అని ఎవరైనా మీసం మెలేస్తే, ఆ అంకె విని నోరు తెరిచే ముందు ఒక్క ప్రశ్న వేయండి. వంట ఎవరు చేశారు?

వేసి చూడండి. అంకె చెప్పినాయన "వంటేముంది లెండి, ఏదో ఇంత అన్నం పడేసుకున్నాం" అంటాడు. పక్కనున్నావిడ ఏమీ అనదు. కాఫీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్తుంది. అంకె అంత చిన్నగా ఎందుకుందో ఆవిడకు తెలుసు.

నేను చదివింది బి.ఏ. తెలుగు. ఉద్యోగానికి పనికిరాలేదు గానీ, ఎవరేం మాట్లాడినా కర్త ఎక్కడ, క్రియ ఎక్కడ అని వెతికే అలవాటు మాత్రం మిగిలిపోయింది. "అన్నం పడేసుకున్నాం" అనే వాక్యంలో కర్త "మేము". బహువచనం. క్రియ మాత్రం ఏకవచనంలోనే జరిగింది, అదీ స్త్రీలింగంలో.

"తక్కువ ఖర్చుతో అండమాన్" అంటూ ఫోన్లలోకి వచ్చి పడే వీడియోలు మీరూ చూస్తూనే ఉంటారు. విమానం టికెట్లు ఎన్నాళ్ళ ముందు కొనాలో చెప్తారు, ఏ లాడ్జిలో బేరం కుదురుతుందో చెప్తారు. అంతవరకు బాగానే ఉంటుంది. తర్వాత వస్తుంది అసలు చిట్కా: చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్ ఒకటి, రెండు కిలోల బియ్యం, కందిపొడి, ఆవకాయ, చింతపండు గుజ్జు పెట్టుకుపోతే తిండి ఖర్చు సున్నా అని. సున్నా అట! కుక్కర్ తన బియ్యం తనే కడుక్కుంటుంది కాబోలు. కందిపొడి తనంతట తనే వేగి, పొడై, రెండు కవర్లలో మూటకట్టుకుని సూట్‌కేసులోకి నడిచొస్తుంది కాబోలు. ఆవకాయ నూనె కారి పట్టుచీర అంచుకు అంటుకుంటే ఆ మరక కూడా దానంతట అదే వదిలిపోతుంది మరి.

మా పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. ఈ పద్ధతిలో నేను అయిదారు ఊళ్ళు చూశాను. ఊళ్ళు చూశాననడం కంటే ఆ ఊళ్ళ బాత్రూమ్ కుళాయిలు చూశాననడం సబబు. ఊటీలో బియ్యం కడిగితే వేళ్ళు కొయ్యబారతాయి. రామేశ్వరంలో కడిగితే నీళ్ళు ఉప్పగా తగులుతాయి. గదిలో ఉండేది ఒకటే ప్లగ్గు, ఫోను పీకితే గానీ కుక్కర్‌కు చోటుండదు. పోపు వాసనకు లాడ్జి కుర్రాడు తలుపు కొడతాడేమోనని గుండె దడ. అంతలో బాల్కనీలోంచి కేక: "ఇంకా కాలేదా? సూర్యోదయం అయిపోతోంది!"

సరే, ఒకసారి లెక్క వేద్దాం. లెక్కలంటే మావారికి గౌరవం. బయట ఇద్దరి భోజనం ఒక పూటకు మూడొందలు అనుకుందాం. ఆ మూడొందలు మిగలాలంటే నాకు పట్టేది గంటన్నర, అంట్లతో సహా. రెండు పూటలకు మూడు గంటలు. జనవరిలో అండమాన్‌లో పగలు ఉండేదే పదకొండున్నర గంటలు. అందులో మూడు గంటలు నేను గదిలో గరిటె పట్టుకుని ఉండాలి. ఇద్దరికీ విమానం టికెట్టు ఒకే ధర కదా. ఆయన కొన్న పగలు పదకొండున్నర గంటలూ, నేను కొన్న పగలు ఎనిమిదిన్నర గంటలూ ఎలా అయింది? ఈ తేడాను పొదుపు అంటారా, వాటా కొట్టేయడం అంటారా?

ఇక్కడ నన్ను అపార్థం చేసుకోకండి. పొదుపు వద్దని నేననడం లేదు. నెలాఖరున పాల ప్యాకెట్టు సగం చేసి, పిల్లల ఫీజు కట్టే రోజుకు చీటీ పాట వచ్చేలా చూసుకున్న మనిషిని. పొదుపు గురించి నాకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. డబ్బు పారేసి ప్యాకేజీ టూర్ తీసుకోమనడం కూడా నా ఉద్దేశం కాదు. ఆ ప్యాకేజీల్లో జరిగేదేమిటో తెలుసు. పొద్దున్నే వ్యాన్ ఎక్కిస్తారు, ఇక్కడ ఇరవై నిమిషాలు, అక్కడ పావుగంట, దిగండి ఎక్కండి. సముద్రం మధ్యలో ఉన్న ద్వీపానికి వెళ్ళి వ్యాన్ సీటు కవరు మీద పువ్వులు లెక్కపెట్టుకుని రావాలి. దానికి వేలకు వేలు.

నేను అంటున్నది ఒకటే. ఖర్చు తగ్గించండి, ఎక్కడ తగ్గిస్తున్నారో చూసి తగ్గించండి. కారు మానేయండి, స్పీడ్ బోటు మానేయండి, గవ్వల దండలు మానేయండి. భార్య చేతుల్లోంచి మాత్రం తగ్గించకండి.

ఇలా కుదురుతుందా అని అడిగేవాళ్ళ కోసం కుదిరిన ఒక రోజు సంగతి చెప్తాను. క్రితం జనవరిలో మేమిద్దరం అండమాన్ వెళ్ళాం. అమ్మాయి హాస్టల్లో ఉంది, అబ్బాయిని అత్తగారి దగ్గర వదిలాం. విశాఖపట్నం నుంచి ఓడలో వెళ్తే ఇంకా చవక, కానీ సముద్రం మీద రెండు రోజుల పైనే పడుతుంది, ఓడలు తరచుగా ఉండవు. మావారి సెలవులకూ ఓడ తేదీకీ పొంతన కుదరక విమానమే ఎక్కాం. బయలుదేరే ముందు నేను పెట్టిన షరతు ఒకటే, సూట్‌కేసులో వంటిల్లు ఉండదు. పచ్చడి సీసా కూడా.

ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది. "అక్కడ మన తిండి దొరుకుతుందో లేదో" అని అత్తగారు. "నీ ఆరోగ్యం కోసమే అంటున్నా" అని మావారు. నా ఆరోగ్యం ఇన్నాళ్ళకు ఆయన నోట వినపడింది, సంతోషం. తిండి దొరకదన్న భయానికి మాత్రం జవాబు సిద్ధంగా పెట్టుకున్నాను. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో మొత్తం ఉన్నదే 3 లక్షల 80 వేల మంది. అందులో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత మనదే. శ్రీకాకుళం నుంచీ, విశాఖ తీరం నుంచీ చేపల వేటకు, కూలి పనులకు, చిన్న ఉద్యోగాలకు తరతరాలుగా వెళ్ళి స్థిరపడిన వాళ్ళు. యాభై వేల మంది తెలుగువాళ్ళు రోజూ ఏదో ఒకటి తింటూనే ఉంటారు కదా అత్తయ్యా అన్నాను. ఆవిడ నవ్వేసి ఊరుకున్నారు. మావారు మాత్రం చివరి నిమిషం దాకా కందిపొడి ప్యాకెట్టు వైపు చూస్తూనే ఉన్నారు.

పోర్ట్ బ్లెయిర్‌కు ఇప్పుడు శ్రీ విజయపురం అని పేరు మార్చారు, 2024లో. నోరు తిరగక అక్కడివాళ్ళూ పాత పేరే అంటున్నారు, నేనూ అదే రాస్తాను. అబెర్డీన్ బజార్లో గది తీసుకున్నాం. గది విషయంలో నేను బేరం ఆడనివ్వలేదు. గడియ సరిగా పడాలి, బాత్రూమ్ శుభ్రంగా ఉండాలి, అంతే. రెండు వందలు తగ్గుతుందని గడియ ఊగే గది తీసుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టనిది ఎవరికో మీకు తెలుసు.

మర్నాడు కొండెక్కాలని అనుకున్నాం. హార్బరుకు అవతలి గట్టున మౌంట్ హారియట్ ఉంది. పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు మీద గాంధీగారి బొమ్మకు వెనకవైపు కొబ్బరిచెట్లు, కొండ, లైట్‌హౌస్ ఉంటాయి చూడండి, ఆ కొండ ఇదే. మూడొందల మీటర్లు దాటిన ఎత్తు, పైన దట్టమైన వానడవి, నేషనల్ పార్కు. లాడ్జి కింద ట్యాక్సీ ఆయన మూడు వేలు చెప్పాడు. మావారు రెండున్నరకు తెచ్చారు. వద్దన్నాను. బస్సూ, ఫెర్రీ ఉండగా కారెందుకు? వంటకు దాచే మూడొందల దగ్గర అంత పట్టుదల చూపించే మనిషి, కారు దగ్గరికి వచ్చేసరికి రెండున్నర వేలకు సై అనడం గమనించారా? నేను గమనించాను. ఆయన కాళ్ళకు వచ్చే కష్టం రూపాయల్లో కనిపిస్తుంది, నా చేతులకు వచ్చే కష్టం కనిపించదు.

ద్వీపంలో ఆరు గంటలకే తెల్లారిపోతుంది. మన గడియారమే అక్కడా నడుస్తుంది, సూర్యుడు మాత్రం విశాఖలో కంటే ముప్పావు గంట ముందుంటాడు. సాయంత్రం అయిదున్నరకు చీకటి. అందుకని పెందలాడే లేచి, కింద హోటల్లో ఇడ్లీ తిని, బస్సెక్కి చాతం జెట్టీకి వెళ్ళాం. చాతం అంటే వంతెనతో కలిపిన చిన్న ద్వీపం. 1883లో పెట్టిన సామిల్లు ఉందక్కడ. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వాళ్ళు దాని మీద బాంబులేశారు. పడాక్ కలప వాసన వంతెన మీదికే వస్తుంది. పడాక్ మన వేగిసకూ, ఎర్రచందనానికీ దగ్గర చుట్టం.

చాతం నుంచి బాంబూ ఫ్లాట్‌కు పెద్ద ఫెర్రీ నడుస్తుంది. లారీలు, మోటార్ సైకిళ్ళు, చేపల బుట్టలు, స్కూలు పిల్లలు, అందరూ ఒకే పడవలో. పదిహేను నిమిషాలు. ప్రైవేటు క్రూయిజుల్లో మనిషికి వెయ్యి పైన పెట్టి అద్దాల వెనక కూర్చుని చూసే సముద్రాన్ని, మేం ఇక్కడ టీ డబ్బులకు రెయిలింగ్ పట్టుకుని చూశాం. గాలికి జుట్టంతా చెదిరిపోయింది. నీళ్ళ మీద ఎండ ముక్కలు ముక్కలుగా పడుతోంది. ఆ టైముకు నేను ఏమీ వండటం లేదు. మామూలుగా అయితే ఎనిమిదింటికి ఎక్కడున్నా నా చేతిలో ఏదో ఒక గిన్నె ఉంటుంది. ఆ పొద్దున చేతులు ఖాళీగా ఉండటం నాకే కొత్తగా అనిపించి, రెయిలింగ్ మీద ఎలా పెట్టుకోవాలో కాసేపు తెలియలేదు.

బాంబూ ఫ్లాట్‌లో దిగి మళ్ళీ బస్సు. కొండ కింద ఊరిదాకానే వెళ్తుంది, అక్కణ్ణుంచి నడకే. అటవీశాఖ వాళ్ళకు గుర్తింపు కార్డు చూపించి, టికెట్ తీసుకుని ఎక్కడం మొదలుపెట్టాం. ఇక్కడ నిజం చెప్పాలి, సుఖమైన నడక కాదది. నిట్టనిలువు ఎక్కుడు, వేళ్ళు పైకి తేలిన దారి, ఎండ పడకపోయినా ఒళ్ళంతా చెమట. వానాకాలమైతే జలగలు కూడానట, మేం వెళ్ళింది పొడి నెలల్లో కాబట్టి బతికిపోయాం. ఏనుగు చెవుల్లా పలకలు పలకలుగా పరుచుకున్న వేళ్ళతో ఒక చెట్టు కనబడింది, దాని రెండు వేళ్ళ మధ్య ఇద్దరం కూర్చుంటే బయటికి కనబడం. అలాగే కూర్చున్నాం కూడా. సంచీ ఆయన మోశారు. మంచినీళ్ళు రెండు లీటర్లు, అరటిపళ్ళు, బిస్కెట్లు, తువ్వాలు. సగం దూరం వచ్చేసరికి "ఇంత బరువెందుకు పెట్టావోయ్" అన్నారు. "కుక్కర్ లేదండీ అందులో" అన్నాను. ఇంక మాట్లాడలేదు.

నీళ్ళ సంగతి వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. ప్రయాణంలో ఆడవాళ్ళు నీళ్ళు తాగరు. మీరూ తాగరు, నాకు తెలుసు. ఎక్కడ వెళ్ళాలో తెలియదు కాబట్టి పొద్దున ఒక గ్లాసు, మధ్యాహ్నం అర గ్లాసు. ఇది కూడా ఎవరి జమాఖర్చులోనూ రాయని పొదుపే. ఇంటికొచ్చాక మూత్రంలో మంట, డాక్టరు, మందులు. ఆ బిల్లు ట్రిప్పు ఖర్చులో ఎవరూ కలపరు. నేను ఈసారి దారి అడిగేటప్పుడే బాత్రూమ్ ఎక్కడెక్కడుందో కూడా అడిగించాను, మావారి చేతే. మొదటిసారి ఆయన సిగ్గుపడ్డారు. మూడోసారికి "లేడీస్ టాయిలెట్ ఎక్కడండీ" అని బస్ కండక్టరును గట్టిగా అడిగేశారు. ఒకచోట తాళం వేసి ఉంది, తాళం చెవి ఎవరి దగ్గరుందో కనుక్కుని తెచ్చిందీ ఆయనే. తాళం వేసినవాళ్ళను తిట్టుకున్నదీ ఆయనే. ఇన్నేళ్ళుగా నేను లోలోపల తిట్టుకుంటున్నది ఇదే కదా అనుకున్నాను. భర్తలకు ఈ పని అప్పజెప్పండి, తాళాలు త్వరగా తెరుచుకుంటాయి.

పైకి చేరాక ఆ కొండ కథ వినాలి. హారియట్ ఎవరో కాదు, ఒక ఆఫీసరు భార్య. 1862లో ఈ ఖైదీల ద్వీపానికి అధికారిగా వచ్చిన రాబర్ట్ టైట్లర్ గారి ఇల్లాలు హారియట్ టైట్లర్. మామూలు మనిషి కాదావిడ. 1857లో ఢిల్లీ ముట్టడి నడుస్తుండగా సైన్యం మధ్య బండిలో బిడ్డను కన్నది. భర్తతో కలిసి ఫొటోలు తీసింది, తన జ్ఞాపకాలు రాసిపెట్టింది. ఆవిడ పేరే కొండకు పెట్టారు. తర్వాత తెల్లదొరలకు ఇది వేసవి విడిది అయింది. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ లార్డ్ మేయో సూర్యాస్తమయం చూడాలని ఈ కొండెక్కి, దిగి, కింద హోప్ టౌన్ జెట్టీలో పడవ ఎక్కబోతుండగా షేర్ అలీ అఫ్రిదీ అనే ఖైదీ కత్తితో పొడిచాడు. 1891 యుద్ధంలో ఓడిన మణిపూర్ రాజు కులచంద్ర సింగ్‌నీ, ఆయన మనుషుల్నీ ఈ కొండ మీదే ఉంచారు. అందుకే 2021లో దీనికి మౌంట్ మణిపూర్ అని పేరు మార్చారు.

చల్లగాలికి అక్కడ కూర్చుని నాకొచ్చిన ఆలోచన వేరు. దొరసాని పేరు కొండకెక్కింది సరే, ఆ అడవి నరికిందెవరు? దారి వేసిందెవరు? ఖైదీలు. వాళ్ళలో ఆడ ఖైదీలూ ఉండేవారు ఈ ద్వీపంలో, వాళ్ళకు వేరే జైలే కట్టారు. వాళ్ళ పేరుతో ఏ కొండా లేదు, గుట్టా లేదు. ఒకరి విహారం వెనక ఎప్పుడూ ఇంకొకరి వీపు ఉంటుంది. లాడ్జి గదిలో బియ్యం కడిగే మనిషిని ఖైదీతో పోల్చేంత పొగరు నాకు లేదు. కానీ ఏ విహారం చూసినా ఎవరు మోశారని అడగడం మాత్రం న్యాయమే. అడగకపోతే కొండ మీద పేరు ఉన్నవాళ్ళ కథ మాత్రమే మిగులుతుంది.

అక్కణ్ణుంచి అడవిలో రెండు కిలోమీటర్లు నడిస్తే కాలాపత్థర్ అని నల్లరాయి ఉంది. ఖైదీల్ని అక్కణ్ణుంచి లోయలోకి తోసేవారని చెప్పుకుంటారు. వెళ్ళి చూసొచ్చాం. మాటల్లేకుండా తిరిగొచ్చాం. దారిలో ఇంత పెద్ద సీతాకోకచిలుకలు, అరచేయంత. మావారు ఫొటో తీయబోతే ఒక్కటీ నిలబడలేదు. ఆ మనిషి అడవిలో సీతాకోకచిలుక వెనక పరిగెత్తడం నేను చూడటం అదే మొదలు. మామూలు ట్రిప్పుల్లో అయితే ఆ టైముకు నేను కుక్కర్ తోముతూ ఉంటాను, ఈ దృశ్యం నాకు దక్కేది కాదు.

దిగి బాంబూ ఫ్లాట్ చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర. జెట్టీ దగ్గర రేకుల షెడ్డులో చిన్న హోటల్. అన్నం, పప్పు, చేపల పులుసు. మా మాట వినగానే లోపల్నుంచి ఒకావిడ వచ్చింది. "తెలుగోళ్ళా అమ్మా? ఏ వూరు మీది? మాది టెక్కలి దగ్గర." చింతపండు వేసిన పులుసు, మన పులుసే. సముద్రానికి అటువైపు కూర్చుని ఎవరో వండి వడ్డిస్తే తినడం ఎంత బాగుంటుందో మీకు వేరే చెప్పాలా? ఇంకో గరిటె వేయమంటావా అని నన్ను అడిగేవాళ్ళు మా అమ్మ తర్వాత ఆవిడే.

మాటల్లో ఆవిడ ఒకటంది. "మీలాటోళ్ళు శానామంది గదుల్లోనే వండుకు తినెత్తారమ్మా. మరి మాకేటి మిగుల్తాది?"

నా వాదనకు అంతకాలం దొరకని సగం ఆవిడ నోట దొరికింది. చూడండి. అదే అన్నం, అదే పులుసు. నా చేత వండిస్తే ఖర్చు సున్నా అని రాస్తారు. ఆవిడ చేత వండిస్తే నూట యాభై అని రాస్తారు. అంటే వంటకు విలువ లేదని కాదు, నా వంటకు మాత్రమే లేదని. పైగా నా చేత ఉచితంగా చేయించుకున్న పని వల్ల ఇక్కడ ఈవిడకు రావలసిన నూట యాభై రాలేదు. ఒక ఆడదాని చేతులు అరగదీసి, ఇంకో ఆడదాని పొట్ట మీద కొట్టి మిగిల్చిన మూడొందలకు "బడ్జెట్ ట్రిప్" అని పేరు. ఆ కొండ ఎక్కి దిగింది ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు.

ఆ రోజు ఖర్చు చెప్పమంటారా? బస్సులు, ఫెర్రీ రానూపోనూ, అడవి టికెట్లు, ఇడ్లీ, భోజనాలు, అరటిపళ్ళు, సాయంత్రం టీ, బజ్జీలు, ఇద్దరికీ కలిపి ఏడు వందల అరవై. ట్యాక్సీ ఆయన చివరకు దిగిన ధరలో మూడో వంతు కూడా కాదు. అందులో నా చేతి పని విలువ నిజంగానే సున్నా, ఎందుకంటే నేను ఏమీ చేయలేదు కాబట్టి. ఇదీ సున్నా అంటే.

ఇది చెప్పిన ప్రతిచోటా నాకు వచ్చే ఎదురుమాటలు మూడు.

మొదటిది, "ప్రేమతో చేసేదాన్ని పని అంటావేంటి?" ఎక్కువగా ఆడవాళ్ళే అంటారు, అదే బాధ. ప్రేమ ఉంది, ఎవరు కాదన్నారు? ప్రేమతోనే ఆయన కూడా బియ్యం కడగవచ్చు కదా. ప్రేమకు బాత్రూమ్ కుళాయి దగ్గర మాత్రమే ఆడ మగ తేడా ఎందుకొస్తుంది?

రెండోది, "బయటి తిండి పడదు." షుగరు ఉన్నవాళ్ళు, చంటిపిల్లలు, పెద్దవాళ్ళు ఉంటే ఆ అవసరం నిజమే, దాన్ని కొట్టిపారేయను. అలాంటప్పుడు కుక్కర్ పట్టుకెళ్ళండి, తప్పులేదు. ఎవరికి పడదో వాళ్ళు, లేదా వాళ్ళకు కావలసినవాళ్ళందరూ వంతులేసుకుని వండాలి. మావారికి ఆరోగ్యంగా అన్నీ పడతాయి. ఆఫీసు క్యాంటీన్ సమోసా పడుతుంది, పెళ్ళిళ్ళలో మూడుసార్లు వడ్డించిన జిలేబీ పడుతుంది. లాడ్జి మెట్లు దిగి పది అడుగులు వేస్తే దొరికే ఇడ్లీ మాత్రం పడదు!

మూడోది అత్తగారి తరం మాట. "మేం తీర్థయాత్రలకు రాళ్ళ పొయ్యిలు పెట్టి వండుకున్నాం, మీకు కరెంటు కుక్కర్ కూడా బరువేనా?" నిజమే, వండారు. ఆవిడ కాశీ వెళ్ళొచ్చిన కబుర్లు నేను చాలాసార్లు విన్నాను. గంగ గురించి రెండు మాటలు చెప్తారు. తడిసిన కట్టెలు ఎలా రాజుకోలేదో, పొగకు కళ్ళెలా మండాయో, పదిమందికి అన్నం సరిపోక ఆవిడ ఎలా పస్తున్నారో, అది మాత్రం అరగంట చెప్తారు. జీవితంలో ఒక్కసారి చూసిన కాశీలో ఆవిడకు మిగిలింది పొయ్యి. మామగారు చెప్పే కాశీలో మణికర్ణికా ఘాట్ ఉంటుంది, సాయంత్రం హారతి ఉంటుంది, పడవ ఉంటుంది. ఇద్దరూ ఒకే రైలెక్కి ఒకే ఊరు వెళ్ళొచ్చారు.

ఈసారి మా ఆడపడుచు వాళ్ళతో కలిసి కార్తీకంలో అరకు వెళ్దామని ఇంటి వాట్సాప్ గ్రూపులో మాటలు నడుస్తున్నాయి. గదులు ఎవరు బుక్ చేస్తారో, బండి ఎవరిదో పేర్లతో సహా తేలింది. తర్వాత మా మరిది రాశాడు, "వంట సామాను వెంట తీసుకెళ్తే సగం ఖర్చు తగ్గుతుంది" అని. కింద నాలుగు బొటనవేళ్ళు, అన్నీ మగవేళ్ళే. బియ్యం నేను తెస్తాను, వండేవాళ్ళ పేర్లు కూడా గదులకూ బండికీ రాసినట్టే ఇక్కడ రాయండి అని జవాబిచ్చాను. రెండు రోజులైంది. అందరూ చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి. పేర్లు ఇంకా పడలేదు.